కృత్తిక నాడు మా చర్చి గేటు

నేను తిరువళ్ళూరులో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఉండేది తిరుత్తణిలో. పొద్దున లోకల్ రైలెక్కి అరక్కోణం మీదుగా వెళ్ళేసరికి, ఆ రోజు పాఠం ఒకసారి మనసులో తిరగేసుకోవడానికీ, ఒక చిన్న ప్రార్థన చేసుకోవడానికీ సమయం సరిపోతుంది. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే పక్కనున్నవాళ్ళు నేను నిద్రపోతున్నాననుకుని నా సంచీ ఒడిలోంచి జారకుండా పట్టుకుంటారు. కళ్ళు తెరిచాక వాళ్ళకు థాంక్స్ చెబుతాను. నిద్ర కాదని ఎప్పుడూ చెప్పలేదు.

క్లాసులో తమిళం, స్టాఫ్‌రూములో తమిళమూ ఇంగ్లీషూ, ఇంట్లోనూ చర్చిలోనూ తెలుగు. మా చర్చిలో పాడే పాటలు తెలుగువే. కానీ పిల్లల చేతుల్లోని కాగితాల మీద అవే పాటలు తమిళ అక్షరాల్లో అచ్చు వేసి ఉంటాయి, వాళ్ళకు తెలుగు చదవడం రాదు కనుక. కళ్ళు మూసుకుని వింటే ఆ తేడా ఏమీ తెలియదు.

ఆ చర్చి చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు మీద, ఊరు మొదలయ్యే చోట ఉంది. తమిళుల ఆడి నెలలో ఆడి కృత్తిక పండుగ వచ్చిందంటే సరిహద్దు అవతలి ఆంధ్రా పల్లెల నుంచి జనం పసుపు బట్టలు కట్టుకుని, పూల కావళ్ళు ఎత్తుకుని, హరోహరా అంటూ మా గేటు ముందు నుంచే సుబ్రహ్మణ్యస్వామి కొండకు నడిచిపోతారు. ఆ రోజున మా గేటుకు తాళం వేసి ఉండేది. ఎన్నేళ్ళ నుంచో అదే అలవాటు. ఎందుకని నేను అడగలేదు. పండుగ రోజు కాలేజీకి సెలవు గనుక ఇంట్లో పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని.

తాళాలు మా బావగారి దగ్గర ఉండేవి. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అన్న ఈయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. చర్చికి కోశాధికారి. ఇల్లు ఒకటే, మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా అమ్మాయిని బడిలో దింపి, మళ్ళీ తీసుకొచ్చి, అన్నం పెట్టించి, హోమ్‌వర్కు చేయించింది ఈ బావగారే. మాట తక్కువ. రైలుకు పచ్చజెండా ఊపిన చెయ్యి గనుక ఏమో, చెప్పదలచింది ఒకసారి చెప్పి ఊరుకుంటారు.

కొన్నేళ్ళ కిందట, ఆడి నెల ఇంకా మొదలు కాక ముందు, రెండో ఏడాది క్లాసులో మత స్వేచ్ఛ హక్కు పాఠం చెబుతున్నాను. ప్రతి పౌరునికీ తన మతాన్ని పాటించే హక్కుంది, ప్రతి మత సంస్థకూ తన వ్యవహారాలు తాను చూసుకునే హక్కుంది అని వివరించాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. సరిహద్దు పల్లె నుంచి రోజూ వచ్చే అమ్మాయి, మామూలుగా నోరు విప్పదు. తమిళంలో అడిగింది: కావడి ఎత్తుకుని కొండకు నడిచే దారిలో ఒక చర్చి ఉంది, లోపల చాలా స్థలముంది, మరుగుదొడ్లు ఉన్నాయి, ఆ రోజు మాత్రం తాళం పెడతారు, అది వాళ్ళ హక్కా?

హక్కే అన్నాను. తమ ఆవరణలోకి ఎవరిని రానివ్వాలో వాళ్ళ ఇష్టం, చట్టం బలవంతం చేయదు అన్నాను. అమ్మాయి తలూపి కూర్చుంది. పాఠం ముందుకు సాగింది గానీ, గంట కొట్టేదాకా నేను చెప్పిందేమిటో నాకు సరిగా వినబడలేదు.

ఆ సాయంత్రం రైలు పెట్టెలో ఆ అమ్మాయే నా ఎదురుగా వచ్చి కూర్చుంది. అది మా చర్చి అని మధ్యాహ్నం ఎవరో చెప్పారట. ముఖం చిన్నబోయి ఉంది.

"మీ చర్చి అని నాకు తెలీదు మేడమ్. తెలిసుంటే క్లాసులో అడిగుండను."

"అడిగింది మంచిదే. చట్టం నేను చెప్పినాను. మిగతాది నువ్వు చెప్పు. ఏం కష్టం మీకు ఆ దోవలో?"

ఒకసారి చుట్టూ చూసి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది, మజ్జిగను మాత్రం తమిళంలోలా మోరు అంటూ.

"పొద్దున్నే కావడి ఎత్తుకుంటే కొండ ఎక్కేదాకా దించేది లేదు మేడమ్. దోవ పొడుగూతా పందిళ్ళు ఏసుంటారు. మోరు ఇస్తారు, నీళ్ళు ఇస్తారు, తాగమ్మా తాగమ్మా అంటారు. మా యమ్మ చుక్క తాగదు. తాగితే మళ్ళా యాడికి పోవాల? మగోళ్ళు ఏ గోడ పక్కనో నిలబడతారు. మేమేం చేసేది? పోయినేడు ఎండకు కండ్లు తిరిగి పడిపోయింది. మీ గేటు ముందరే, మేడమ్. లోపల కొళాయి కనపడతా ఉండాది. నీళ్ళు తెచ్చి మొగాన కొడదామంటే తాళం."

రైలు అరక్కోణంలో ఆగి కదిలింది. తిరుత్తణిలో దిగేటప్పుడు, "మీ అమ్మకు ఇప్పుడు బాగుండాదా?" అని మాత్రం అడిగాను. "బాగుండాది మేడమ్. ఈ ఏడు కూడా ఎత్తుకుంటాననే చెప్తా ఉండాది" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కమిటీ కూర్చుంది. కోతల పండుగ సంగతులు, పైకప్పు కారుతున్న సంగతి అయ్యాక నేను లేచి ఈ మాట ఎత్తాను. కృత్తిక నాడు గేటు తెరుద్దాం, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, కొళాయి వాడుకోనిద్దాం అన్నాను. అప్పుడు మా సంఘానికి పాస్టరుగా ఉన్నాయన వయసులో చిన్నవాడు, కొత్తగా వచ్చాడు. నా వైపు తిరిగాడు.

"మీరు చెప్పేది న్యాయమే అమ్మా. కానీ తెరిస్తే, మతం మార్చేదానికే తెరిచినారని ఒకరంటారు. విగ్రహాలకు పొయ్యేవాళ్ళకు దోవ చూపిస్తా ఉండారని మనోళ్ళే ఇంకొకరంటారు. ఇద్దరికీ నేనే జవాబు చెప్పాల. ఏం చెప్పాలో నాకు తెలీటంలే."

గాయక బృందంలోని ఒక కుర్రాడు మాత్రం ఉత్సాహపడ్డాడు. "తెరుద్దాం అత్తా! వొచ్చినోళ్ళకందరికీ తలా ఒక కరపత్రం ఇద్దాం. ఇంతమంది మనకు మళ్ళా యాడ దొరుకుతారు?"

"ఆ దినం ఏమీ ఇయ్యొద్దు నాయనా" అన్నాను. "అర్జెంటుగా లోపలికి వొచ్చినామె చేతిలో కాగితం పెడితే వొద్దనలేదు. వొద్దనేదానికి వీల్లేని చోట ఇచ్చేది సువార్త కాదు."

"చెప్పకుంటే సాక్ష్యం ఏముండాది అత్తా?"

ఆ ప్రశ్నకు కమిటీలో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కూడా చెప్పగలనని అనుకోను. జీవితమంతా బోర్డు ముందు నిలబడి మాట్లాడిన మనిషిని, మాటల మీద నాకూ నమ్మకమే. కానీ క్లాసులో నేను గమనించింది ఒకటుంది. పిల్లలు నేను చెప్పింది మరిచిపోతారు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి నేనెలా చూశానో మాత్రం గుర్తుపెట్టుకుంటారు. విశ్వాసం కూడా అలాగే ఒకరి నుంచి ఒకరికి చేరుతుందేమోనని నాకనిపిస్తుంది. ఆ రోజు ఇంత వివరంగా చెప్పలేదు. "ఈసారికి ఊరుకుందాంలే" అన్నాను.

బావగారు లెక్కల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. తీర్మానం ఏమీ కాకుండానే అందరూ లేచారు.

ఆ సాయంత్రం నేను వరండాలో చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నారు.

"మా నాయన సంగతి నీకు తెలుసునా మ్మా?" అన్నారు.

మామగారిని నేను చూడలేదు. నా పెళ్ళికి ముందే పోయారు. కుటుంబంలో మొదట విశ్వాసంలోకి వచ్చింది ఆయనే అని మాత్రం విన్నాను.

"మా నాయన కూడా కావడి ఎత్తినోడే. ఏటేటా ఎత్తినాడు. అమ్మకు జబ్బు చేసి, ఆసుపత్రిలో బాగయినాక బాప్తిస్మం తీసుకున్న్యాడు. ఆ యేడే కృత్తికకు కూలి పని మీద ఈ రోడ్డునే వొస్తా ఉంటే, నేను బుజం మీద కూసోనుండాను. పిల్లోణ్ణి. దాహమని ఏడ్చినాను. మా వూరోళ్ళ పందిరే, మా నాయన అన్నదమ్ములే పోస్తా ఉండారు మోరు. నాయన నిలబడి అడిగినాడు. మా పెదనాయన కుండ మింద మూత పెట్టేసినాడు. ఏమీ అన్లేదు. మూత పెట్టినాడు, అంతే."

ఆయన పళ్ళెంలోంచి ఒక చిక్కుడుకాయ తీసి తుంచారు.

"ఆ మోరు వాసన నాకు ఇప్పుటికీ తెలుస్తాది. కరేపాకు, అల్లం. గేటుకు తాళం వెయ్యాలని ఎవురూ చెప్పలేదు మ్మా. నేనే వేస్తా ఉండా."

నాకు తెలిసిన ఏ వాదమూ ఆ మాట ముందు నిలవదు. నిలబెట్టాలని కూడా అనిపించలేదు. "మీరు తాళాలు ఇయ్యలేకపోతే నేను అడగను బావా" అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళారు.

అయితే ఆ వారంలోనే పండుగ ఏర్పాట్ల సమావేశం జరిగింది. ఏటా జరిగేదే. అధికారులు, వర్తకులు, పందిళ్ళు వేసేవాళ్ళు, ఆటో సంఘాలవాళ్ళు వస్తారు. చూసి వద్దామని నేనూ వెళ్ళాను. పార్కింగు గురించి, మైకుల గురించి, అన్నదానం గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ గదిలో ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో ఆమె టీ ఇవ్వడానికి వచ్చింది. చివర్లో, ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగితే చెయ్యెత్తాను. చిత్తూరు రోడ్డు పొడవునా ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా నడుస్తున్నారు, ఎందుకో మీకు తెలుసా అని అడిగాను. కొంతమంది తలలు దించుకున్నారు. ఎదురుగా కూర్చున్న అధికారి పెన్ను తీసుకుని, ఎక్కడైనా చోటుందా అని అడిగారు. మా చర్చి పేరు చెప్పడానికి నాకు అధికారం లేదు. "ఒక చోట అడిగి చూస్తున్నాను, ఇంకా ఒప్పుకోలేదు" అన్నాను.

అది చర్చేనని ఆయన గ్రహించినట్టున్నారు. సమావేశం ముగిశాక పక్కకు పిలిచి, "ఒప్పుకుంటే చాలా సంతోషం అమ్మా. కానీ లోపల ప్రచారం ఏమీ ఉండకూడదు. మీకోసమే చెబుతున్నాను. ఒక ఆడ కానిస్టేబుల్‌ను గేటు దగ్గర ఉంచుతాను" అన్నారు తమిళంలో. ఆ సంగతి పాస్టరుకు చెప్పాను. "పోలీసులుంటే నాకు కొంచెం ధైర్యమే" అని ఆయన మొదటిసారి నవ్వాడు. కమిటీ మళ్ళీ కూర్చుంది. కోశాధికారి ఇష్టానికి వదిలేద్దాం అని తేల్చారు, అంటే తేల్చలేదు.

పండుగకు ముందురోజు పొద్దున నేను కాఫీ తాగుతుంటే బావగారు తెల్లచొక్కా వేసుకుని, చేతిసంచీతో వచ్చారు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టారు.

"నేను బండెక్కి పట్టాభిరాం పోతా ఉండా. మన పాప ఇంట్లో రెండు దినాలుండి వొస్తా. ట్యాంకు మధ్యానానికే అయిపోతాది. మోటరు ఏసి మర్చిపోవాకండి, కాలిపోతాది. బాత్రూము కొళాయి ఒకటి సరిగా తిరగదు, దాన్ని గట్టిగా తిప్పొద్దని చెప్పు."

"బావా..." అన్నాను.

"బండికి టైమయింది మ్మా" అని వెళ్ళిపోయారు.

కృత్తిక నాడు పొద్దున్నే పాస్టరు, నేను, చర్చిలోని నలుగురైదుగురు ఆడవాళ్ళం గేటు తీశాం. ఎవరూ రాలేదు. పసుపు బట్టలవాళ్ళు గేటు దాకా వచ్చి, పైనున్న శిలువను చూసి, లోపలికి తొంగిచూసి, ముందుకు నడిచిపోయారు. పిలవాలో వద్దో మాకు తెలియలేదు. ఆడ కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏం మేడం, తెరిచినారా మూసినారా?" అని నవ్వింది. చాలాసేపటికి నా విద్యార్థిని వాళ్ళ అమ్మనూ, ఊరి ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను చూసి, "మా మేడమే మ్మా, రండి" అని వాళ్ళను గట్టిగా పిలిచింది.

అప్పుడు మేమెవరమూ అనుకోని చిక్కు వచ్చింది. వాళ్ళ అమ్మ గేటు లోపలే ఆగిపోయింది. భుజం మీద కావడి ఉంది.

"దీన్ని యాడ పెట్టేది?" అంది. "కింద పెట్టగూడదు. దీంతో బాత్రూముకు పోగూడదు."

ఎవరైనా పట్టుకుంటే సరిపోతుంది. కానీ మొక్కుకున్న కావడిని మొక్కనివాళ్ళు పట్టుకోవచ్చో లేదో తెలియదు. వెనక ఇంకా ఆడవాళ్ళు వచ్చి నిలబడుతున్నారు, అందరి భుజాల మీదా కావళ్ళే. నేను ఆ అమ్మాయి ముఖం చూశాను, ఆమె నా ముఖం చూసింది.

పాస్టరు చర్చి లోపలికి వెళ్ళాడు. ఒక చివర తాను, రెండో చివర గాయక బృందంలోని ఆ కుర్రాడు పట్టుకుని ఒక పొడుగు బెంచీ బయటికి మోసుకొచ్చారు. వేపచెట్టు నీడలో వేశారు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకొకటి తెచ్చారు.

"దీని మీద పెట్టొచ్చునా మ్మా?" అని అడిగాడు.

ఆ తల్లి బెంచీ వైపు చూసి, చేత్తో ఒకసారి తుడిచి, కావడిని మెల్లగా దించింది. "పెట్టొచ్చు సామీ" అంది.

ఆ తరువాత ఇక ఆగలేదు. వరస గేటు దాటి రోడ్డు మీదకు పోయింది. బెంచీల మీద పూల కావళ్ళు ఒకదాని పక్కన ఒకటి, బంతిపూల వాసన ఆవరణంతా. లోపలినుంచి బయటికొచ్చిన ఆడవాళ్ళు కొళాయి దగ్గర కాళ్ళూ ముఖమూ కడుక్కుని, అప్పుడు రోడ్డు మీది పందిరి దగ్గరికి వెళ్ళి మజ్జిగ అడిగి తాగడం నేను చూశాను. ట్యాంకు బావగారు చెప్పినట్టే మధ్యాహ్నానికి ఖాళీ అయింది. మోటరు వేసి, పక్కనే ఒక మనిషిని కూర్చోబెట్టాం.

ఎండ కాస్త వాలుతున్న సమయానికి ఒక మనిషి గేటు ముందు ఆగి ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టాడు. పసుపు పంచె, మెడలో పూలదండ. గొంతు పెంచి ఫోనులోకి మాట్లాడుతున్నాడు.

"చూడండి, మన ఆడోళ్ళను లోపలికి పిలుస్తా ఉండారు. మన కావళ్ళను వాళ్ళ బెంచీల మింద పెట్టించినారు. లోపల ఏం జరుగుతా ఉండాదో ఎవురికి తెలుసు?"

కానిస్టేబుల్ లేచింది. నేను ఆమెను ఆగమని, అతని దగ్గరికి వెళ్ళాను. "అన్నా, లోపలేం జరుగుతా ఉండాదో మీ ఇంటి ఆడోళ్ళను పంపించి కనుక్కోండి. మీరు నమ్మేవాళ్ళనే పంపించండి" అన్నాను.

అతను జవాబు చెప్పేలోగా లోపలినుంచి చంకలో బిడ్డతో ఒకామె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నేరుగా అతని ముందుకొచ్చి, "ఆ ఫోను లోపల పెట్టి బిడ్డను పట్టుకో. పొద్దుటినుంచి నేను పడిన బాధ నీకేం తెలుసు?" అంది. అతని భార్య. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. అతను ఫోను జేబులో పెట్టుకుని బిడ్డను ఎత్తుకున్నాడు. ఆమె తన కావడి భుజానికెత్తుకుంది. వెళ్ళేటప్పుడు అతను నా వైపు చూసి తల కొద్దిగా వంచాడు. అది నమస్కారమో, సిగ్గో, నాకు తెలియదు.

అతను వీడియో ఎవరికీ పంపలేదేమో. కానీ ఇంకెవరో తీసిన ఫోటో మాత్రం నాలుగు రోజుల్లో ఊరంతా తిరిగింది. వేపచెట్టు, చర్చి బెంచీలు, వాటి మీద కావళ్ళు, వెనక శిలువ. ఒక వాట్సాప్ గుంపులో, కొండకు పోయే భక్తులను మతం మారుస్తున్నారని రాశారు. ఇంకో గుంపులో, ఈ సంఘం విగ్రహారాధనకు పీట వేసిందని రాశారు. ఫోటో ఒకటే. నేను రెంటినీ క్లాసులో చదివి వినిపించి, ప్రజాభిప్రాయం ఎలా తయారవుతుందో ఆ గంటంతా మాట్లాడాను. పిల్లలు బాగా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చే రైల్లో ఆ రెండు రాతలనూ మళ్ళీ తీసి చదివాను. పేరూ ఊరూ తెలిసిన మనిషి గురించి తెలియనివాళ్ళు అలా రాస్తే, ఎన్ని పాఠాలు చెప్పినా లోపల కలుక్కుమంటుంది.

పాస్టరును చర్చి పైఅధికారులు పిలిచి అడిగారు. దేవుని మందిరంలోని బెంచీలు బయట ఎందుకు వేశారని. ఆయన చెప్పిన జవాబు తరువాత నాకు చెప్పాడు. "కింద పెట్టగూడదన్నారు. బెంచీ ఉండాది. వేసినాను." వాళ్ళు ఇంకేమీ అడగలేదట. మరుసటి ఏడాది ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. మామూలుగా వచ్చేదే అమ్మా అన్నాడు. నేనూ అలాగే అనుకోవాలని ప్రయత్నించాను.

బావగారు పట్టాభిరాం నుంచి వచ్చి ఆవరణంతా ఒకసారి తిరిగారు. అప్పటికి మేము బ్లీచింగు పొడి చల్లి కడిగేశాం. గోడ పక్కన ఆయన పెంచిన క్రోటన్ మొక్కలు కొన్ని తొక్కుడు పడి విరిగిపోయాయి. వాటిని పీకి, కొత్త కొమ్మలు గుచ్చారు. తాళాల గుత్తి ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉండనీ" అన్నారు. ఆ సంవత్సరాంతంలో వయసయిందని చెప్పి కమిటీ నుంచి తప్పుకున్నారు. ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే, మార్కెట్టుకు వెళితే నాకూ కూరలు తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. అయినా మా ఇద్దరి మధ్యా ఏదో ఒకటి అలా నిలబడి ఉండేది. నేను రోజూ దాని గురించి ప్రార్థన చేశాను. గేటు తెరవడం తప్పని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆయనను నొప్పించకుండా తెరిచే దారి ఏదో ఉండి ఉంటుందని, నాకది కనబడలేదని మాత్రం అనిపించేది.

మరుసటి ఆడి నెల దగ్గరపడుతుండగా, ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి చర్చి ఆవరణలో వెల్డింగు జరుగుతోంది. నీలి వెలుగులు ఎగురుతున్నాయి. బావగారు కొంచెం దూరంగా, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. గోడ పొడవునా, నడుమెత్తున ఇనుప పైపులతో స్టాండు తయారవుతోంది.

"ఏంది బావా ఇది?"

"కావళ్ళు పెట్టేదానికి" అన్నారు నా వైపు చూడకుండానే. "బెంచీలు బయటికి రాగూడదు. అది నాకు ఇష్టం లేదు. దేవుని మందిరంలోవి దేవుని మందిరంలోనే ఉండాల." వెల్డింగు మనిషి వైపు తిరిగి, "ఆ కొస గరగరా ఉండాది, రుద్దప్పా. ఆడోళ్ళ చేతులు కోసుకుంటాయి" అన్నారు.

నేను ఇంటికి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాను.

ఆ ఏడు ఆయన పట్టాభిరాం వెళ్ళలేదు. చర్చి వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. ఎవరినీ రండి అనలేదు, ఎవరినీ వద్దనలేదు. నా విద్యార్థిని డిగ్రీ అయ్యాక తిరుపతిలో లా చదవడానికి చేరింది. ఇప్పుడు వీలైనప్పుడల్లా రేణిగుంట మీదుగా రైల్లో వచ్చి, మా ఇంట్లో ఒక పూట తిని పోతుంది. సభ్యురాలిగా ఉండమంటే పండుగ ఏర్పాట్ల సమావేశాలకు నేను ఏటా వెళ్తున్నాను. ఒక కల్యాణ మండపంవాళ్ళు, ఒక బడివాళ్ళు కూడా ఆడవాళ్ళ కోసం గేట్లు తెరుస్తున్నారు. ప్రజాజీవితం అంటే నా పుస్తకాల్లో ఎన్నికలు, పార్టీలు, శాసనసభలు. నా వంతుకు వచ్చింది మరుగుదొడ్లు. అందుకు నాకు చిన్నతనమేమీ లేదు.

ఈ ఏడు కృత్తిక నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి పెద్ద వాన కురిసింది. ఆవరణలో ఉన్న ఆడవాళ్ళు, పిల్లలు చర్చి గుమ్మంలోకి పరిగెత్తారు. గుమ్మం చాలలేదు. కొత్త పాస్టరు ఊళ్ళో లేరు. ఒక ముసలామె చూరు కింద తడుస్తూ, "లోపల కూసోవచ్చునా అయ్యా?" అని అడిగింది. ఆమె అడిగింది నన్ను కాదు, కుర్చీలోంచి లేచి నిలబడిన బావగారిని.

ఆయన ఆమెను చూశారు, వానను చూశారు. "కూసోండి. కొంగులు పిండుకోని కూసోండి, బెంచీలు తడుస్తాయి" అన్నారు. అని, లోపలికి వెళ్ళి ఫ్యాన్లు వేశారు.

వాళ్ళు వరండాలో కొంగులు పిండుకుని, బెంచీల మీద ఒద్దికగా కూర్చున్నారు. కొందరు పైకప్పు చూశారు, కొందరు గోడ మీది శిలువను చూశారు. ఒక పిల్ల అప్పుడే నిద్రపోయింది. రేకుల మీద వాన చప్పుడు, ఫ్యాన్ల చప్పుడు, అంతే. నేను చివరి బెంచీలో, వాళ్ళ మధ్యనే కూర్చున్నాను. వాన వెలిసేదాకా అలాగే కూర్చున్నాం. తరువాత వాళ్ళు లేచి, తడిసిన పూలు దులుపుకుని, కావళ్ళు ఎత్తుకుని కొండ వైపు నడిచారు. బావగారు తుడుపుగుడ్డ తెచ్చి ఒక వైపు నుంచి నేల తుడవసాగారు. నేను ఇంకొక వైపు నుంచి మొదలుపెట్టాను.